అయిదో గేరు: ఒక ఇంగ్లీషు కారు, మన అంబాసిడర్, మధ్యలో జపాన్

పోయిన ఎపిసోడ్‌లో నేను ఒక పాత ఇంగ్లీషు కారుకి గేర్‌బాక్సు మార్చిన సంగతి రెండు నిమిషాలు చెప్పి వదిలేశాను. దాని మీదే ఎక్కువ వాయిస్ మెసేజీలు వచ్చాయి. "అన్నా, సైట్ సూపర్‌వైజర్‌వి నీకు కారు గేర్‌బాక్సుతో ఏం పని?" అని ఒకాయన. "ఉన్న గేర్‌బాక్సు పనిచేస్తుంటే మార్చుడెందుకే?" అని ఇంకొకాయన. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మాటల్లో చెబితే సగం మర్చిపోతాను కాబట్టి కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగు. బస్సులో పోతూ చదువుకోండి.

మొదటి ప్రశ్నకి జవాబు ముందు. నేను చదివింది ఐటీఐ, మోటార్ మెకానిక్ ట్రేడు, రెండేళ్ళు. జగిత్యాలలో ఒక షెడ్డులో నాలుగేళ్ళు పనిచేశాను. గల్ఫ్‌కి మెకానిక్ వీసా అని చెప్పి ఏజెంటు పంపితే, దిగాక చూస్తే వీసా మీద మేసన్ అని ఉంది. తిరిగి పోదామంటే నెత్తి మీద అప్పు. అట్లా తాపీ పట్టి, తర్వాత చార్జ్‌హ్యాండ్, ఫోర్‌మన్, ఇప్పుడు సూపర్‌వైజర్. ఇరవై ఏళ్ళు దాటింది. పానా పట్టిన చెయ్యి మాత్రం ఊరుకోదు కదా. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పెషావర్ ఉస్తాద్ ఒకాయన గ్యారేజీ ఉంది, సెలవు రోజు అక్కడ కూర్చుంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

మా ప్రాజెక్టు మేనేజరు ఇంగ్లండ్ ఆయన, రిటైర్మెంటుకి దగ్గర పడ్డవాడు. ఆయన దగ్గర 1972 మోడల్ ఎంజీబీ ఉంది. రెండు సీట్లు, పైన బట్ట టాపు, ముదురు ఆకుపచ్చ రంగు. నేను మెకానిక్‌నని ఎట్లా తెలిసిందో ఒకరోజు సైట్ ఆఫీసులో పిలిచి అడిగాడు. "ఇంగ్లండ్ నుంచి ఫోర్డ్ గేర్‌బాక్సు తెప్పించాను, అయిదు గేర్లది. నువ్వు, నేను కలిసి బిగిద్దామా?" ఇరవై ఏళ్ళలో నన్ను నా ట్రేడు పని అడిగిన మొదటి మనిషి ఆయన.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఉన్నది మార్చడం ఎందుకు? దానికి అరవై ఏళ్ళు వెనక్కి పోవాలి.

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ అనే ఆయన కార్ల కంపెనీకి అనుబంధంగా నడిచిన అమ్మకాల గ్యారేజీ అది. దాని మేనేజరు సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకి స్పోర్ట్స్ బాడీలు కట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. అది పెద్దదై 1929లో ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లో ఉన్న ఆబింగ్‌డన్ అనే ఊరికి మారింది. 1962లో అక్కడి నుంచే ఎంజీబీ వచ్చింది. డిజైన్ చేసింది సిడ్ ఎనెవర్. ఆయన కాలేజీ చదువుల వాడు కాదు, చిన్న వయసులోనే మోరిస్ గ్యారేజీలో కుర్రాడిగా పనికి చేరి పైకొచ్చిన మనిషి. ఈ మాట నేను కావాలనే రాస్తున్నా.

ఈ స్పోర్ట్స్ కారు రహస్యం ఒకటుంది. దానిలో స్పోర్ట్స్ సామాను తక్కువ. ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ అన్నీ అదే కంపెనీ తయారుచేసే కుటుంబ కార్లలోవే, కొంచెం పదును పెట్టినవి. ఇంజను పేరు బి-సిరీస్. ఎంజీబీలో 1798 సీసీ. దానికి ముందు వచ్చిన ఎంజీఏ అనే కారులో 1489 సీసీ.

ఈ 1489 అనే అంకె ఎక్కడైనా విన్నట్టుందా? మన అంబాసిడర్ ఇంజను! మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే కారు అచ్చులన్నీ తెచ్చి కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు చేసిందే అంబాసిడర్. అంటే ఊళ్ళో పెళ్ళివారిని పదిమందిని కుక్కి తీసుకెళ్ళిన అంబాసిడర్, ఇంగ్లండ్‌లో దొరబాబులు టాపు తీసి తిరిగిన ఎంజీ, ఒకే ఇంటి పిల్లలు. ఒకడు పొలానికి పోయాడు, ఒకడు షికారుకి పోయాడు, అంతే తేడా. బానెట్ ఎత్తి ఆ ఇంజను చూడగానే నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయన జగిత్యాల బస్టాండ్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు.

మా మామ నాకు నేర్పిన మొదటి పాఠం: "బండి పూర్తిగా ఆగినంకనే ఫస్ట్ గేర్ వెయ్, లేకుంటే పండ్లు రాలుతయ్." ఆ పాఠంలోనే ఈ చరిత్ర సగం ఉంది.

గేర్‌బాక్సులో రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటాయి. వాటిని కలపాలంటే రెండిటి వేగం ఒకటి కావాలి. పాత రోజుల్లో ఆ పని డ్రైవరు కాలితో చేసేవాడు. క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కొంచెం లేపి, మళ్ళీ క్లచ్ నొక్కి గేరు వెయ్యడం. డబుల్ క్లచ్ అంటాం. మన పాత లారీ డ్రైవర్లకి అది నడకంత అలవాటు. 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ తెచ్చింది. గేరు పక్కన శంకు ఆకారంలో ఒక రింగు ఉంటుంది. గేరు పడేముందు ఆ రింగు రాపిడితో రెండు చక్రాల వేగాన్ని సమం చేస్తుంది. డ్రైవరు కాలు చేసే పని రింగు చేస్తుంది.

కానీ కంపెనీలు ఖర్చు చూసుకుని అన్ని గేర్లకీ ఇవ్వలేదు. మొదటి గేరుని వదిలేసేవాళ్ళు, ఆగిన బండినే కదా ఫస్ట్‌లో లేపేది అని. 1962 ఎంజీబీకి కూడా నాలుగు గేర్లలో మొదటిదానికి సింక్రో లేదు. 1967 చివర్లో గానీ అన్ని గేర్లకీ సింక్రో ఉన్న బాక్సు రాలేదు. ఆ కొత్త బాక్సు లావు. దాని కోసం ఇద్దరు కూర్చునే సీట్ల మధ్య ఉండే టన్నెల్ రేకు వెడల్పు చేశారు. ఆ నిర్ణయం దశాబ్దాల తర్వాత మా పని తేలిక చేసింది. అది తర్వాత చెబుతా.

గేర్ల సంఖ్య మాత్రం నాలుగే ఉండిపోయింది. దానికి కారణం రోడ్లు. ఇంగ్లండ్‌లో ఎంజీ లాంటి బండ్లు పుట్టింది పల్లెటూరి వంకర రోడ్ల కోసం. మలుపుకో గేరు మార్చుకుంటూ పోవడమే అందులో మజా. 1959 నవంబరులో లండన్ నుంచి ఉత్తరానికి ఎం1 మోటార్‌వే తెరిచారు. మొదట్లో దాని మీద వేగానికి హద్దే లేదు. 1965 డిసెంబరులో 70 మైళ్ళ హద్దు పెట్టారు, అంటే గంటకి 112 కిలోమీటర్లు. ఎంజీబీ నాలుగో గేరులో 70 మైళ్ళ వేగంతో పోతే ఇంజను నిమిషానికి సుమారు 3,900 చుట్లు తిరుగుతుంది. అది గంటల తరబడి. టాపు లేని కారు, చెవి పక్కనే గాలి, కాళ్ళ ముందు ఇంజను ఏడుపు. మనం జనరేటర్ పక్కన పడుకున్నట్టే.

దీనికి ఆ రోజుల్లోనే ఒక మందు కనిపెట్టారు. దాని పేరు ఓవర్‌డ్రైవ్. షెఫీల్డ్‌లోని లేకాక్ కంపెనీ తయారుచేసేది, ఆలోచన ఎడ్గర్ డి నార్మన్‌విల్ అనే ఇంజనీరుది. గేర్‌బాక్సు వెనక తోకలాగా ఇంకో డబ్బా బిగిస్తారు. లోపల మధ్యలో సూర్యుడిలా ఒక చక్రం, చుట్టూ గ్రహాల్లా చిన్న చక్రాలు, బయట పళ్ళ వలయం. స్విచ్ నొక్కితే ఆయిల్ ప్రెషర్‌తో శంకు క్లచ్ ఒకటి జరిగి మధ్య చక్రాన్ని తిరగకుండా పట్టుకుంటుంది. అప్పుడు బయటి వలయం ఇంజను కంటే వేగంగా తిరుగుతుంది. 3,900 చుట్లు పోయి 3,200 అవుతాయి. క్లచ్ నొక్కే పని కూడా లేదు. నాకైతే మెకానిక్ పనిలో ఇంత అందమైన వస్తువు ఇంకోటి కనబడలేదు. మొదట్లో దీన్ని ఎక్స్‌ట్రా డబ్బు పెట్టి కొనుక్కోవాలి, 1970ల మధ్యలో ఇంగ్లండ్‌లో అమ్మే బండ్లకి మామూలుగానే ఇచ్చారు. మా మేనేజరు కారుకి ఓవర్‌డ్రైవ్ ఉంది. కానీ ఈ ఎండల్లో సీళ్ళు ఎండి, ప్రెషర్ నిలవక, పడితే పడేది, లేకపోతే లేదు.

ఇక కథలోకి జపాన్ వస్తుంది. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన భాగం.

యుద్ధం తర్వాత జపాన్ కంపెనీలకి కారు ఎట్లా చెయ్యాలో నేర్చుకోవాల్సి వచ్చింది. నిస్సాన్ 1952లో ఇంగ్లండ్ ఆస్టిన్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ముందు విడిభాగాలు తెప్పించి బిగించారు, తర్వాత ఒక్కోటీ వాళ్ళే చెయ్యడం నేర్చారు. ఆస్టిన్ ఏ50 అనే కారులో ఉన్నది ఇదే 1489 సీసీ బి-సిరీస్ ఇంజను. దాన్నే కుదించి నిస్సాన్ తన సొంత చిన్న ఇంజను చేసుకుంది. ఇసుజు కంపెనీ 1953 నుంచి హిల్‌మన్ మింక్స్ అనే ఇంకో ఇంగ్లీషు కారు బిగించింది. అంటే వీళ్ళు ఇంగ్లీషు వాళ్ళ దగ్గర అప్రెంటిస్‌లు. మనం ఉస్తాద్ దగ్గర పానాలు అందించినట్టు. ఇండియా కూడా అదే పదేళ్ళలో అదే ఇంగ్లీషు కార్లు తెచ్చుకుంది. వాళ్ళు నేర్చుకుని ముందుకుపోయారు, మన దగ్గర లైసెన్సులు, కోటాలు, పోటీ లేని బజారు. కొనేవాడు బుక్ చేసుకుని ఏళ్ళు ఎదురుచూస్తుంటే కంపెనీకి గేరు పెంచాల్సిన అవసరం ఏముంటుంది?

ఇంగ్లండ్‌లో మాత్రం ఆబింగ్‌డన్‌కి వేరే కష్టం వచ్చింది. చిన్న చిన్న కంపెనీలన్నీ కలిపి కలిపి బ్రిటిష్ లేలాండ్ అనే ఒక పెద్ద ముద్ద చేశారు. అందులో డబ్బు లేదు. అమెరికా కొత్త రూల్స్ కోసం 1974లో ఎంజీబీకి పెద్ద నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, బండిని అంగుళంన్నర పైకి లేపారు. గేర్‌బాక్సు అదే, ఇంజను అదే. 1979 సెప్టెంబరులో ఆబింగ్‌డన్‌లో ఎంజీకి యాభై ఏళ్ళ పండగ చేసుకున్నారు. ఊరంతా కార్లు, బ్యాండు మేళం. ఆ పండగ అయ్యీ అవ్వకముందే సోమవారం నాడు ఫ్యాక్టరీ మూసేస్తున్నాం అని కంపెనీ ప్రకటించింది. 1980 అక్టోబరులో చివరి ఎంజీబీ బయటికొచ్చింది. పద్దెనిమిదేళ్ళలో అయిదు లక్షలకు పైగా బండ్లు చేసిన ఊరు అది. మా మేనేజరు బాబాయి ఒకాయన అక్కడ లైను మీద పనిచేశాడట. తర్వాత ఏం చేశాడు అని అడిగితే, "స్కూలు బస్సు నడిపాడు" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డా కార్లు పోలేదు. జనం వాటిని వదల్లేదు. అప్పుడే ఈ గేర్‌బాక్సుల కథ మొదలైంది.

1982లో ఫోర్డ్ సియెర్రా అనే మామూలు కుటుంబ కారు వచ్చింది. దాంట్లో టైప్ 9 అనే అయిదు గేర్ల బాక్సు పెట్టారు. నాలుగో గేరు నేరుగా, అయిదో గేరు 0.82. ఈ 0.82 చూశారా, ఓవర్‌డ్రైవ్ ఇచ్చేది కూడా ఇంచుమించు అంతే! సియెర్రాలు లక్షల్లో అమ్ముడయ్యాయి, కొన్నేళ్ళకి తుక్కు యార్డుల్లో గుట్టలుగా పడ్డాయి. చవక. ఇంకో సుగుణం, ఈ బాక్సు ముందుభాగం, అంటే బెల్ హౌసింగ్, బోల్టులు విప్పితే ఊడొస్తుంది. దాని బదులు మీ ఇంజనుకి సరిపోయే బెల్ హౌసింగ్ పోతపోయించుకుంటే ఏ కారుకైనా పడుతుంది. ఇంగ్లండ్‌లో చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్ళు అట్లా ఎంజీబీకి, ట్రయంఫ్‌లకి, ఇంకా చాలా పాత బండ్లకి కిట్లు తయారుచేశారు.

ఒక్క ఫోర్డే కాదు. ఆస్టిన్ హీలీ, ట్రయంఫ్ టీఆర్6 లాంటి బలమైన ఇంజన్లకి టొయోటా సుప్రా బాక్సు పెట్టేవాళ్ళు. జాగ్వార్ ఈ-టైప్‌కి జర్మనీ గెట్రాగ్ బాక్సు, అమెరికా బోర్గ్‌వార్నర్ టీ5 బాక్సు. పాత జాగ్వార్లలో మాస్ అనే కంపెనీ బాక్సు ఉండేది, బలమైనదే గానీ గేరు వెయ్యాలంటే ముహూర్తం చూసుకోవాలి. జాగ్వార్ 1964లో దాన్ని తీసేసింది. దీన్ని దొంగచాటు పని అనుకోకండి, ఇంగ్లీషు కంపెనీలే చేశాయి. 1982లో లోటస్ కంపెనీ తన ఎక్సెల్ కారుకి టొయోటా గేర్‌బాక్సు పెట్టుకుంది. పాత ఎంజీబీ అచ్చులతో మళ్ళీ బాడీలు చేసి, 1992లో ఆర్‌వీ8 అని ఎంజీ పేరుతో తెచ్చారు, దాంట్లో ఫ్యాక్టరీ వాళ్ళే అయిదు గేర్లు పెట్టారు. సుమారు రెండు వేల బండ్లు చేస్తే అందులో ఎక్కువ భాగం కొన్నది ఎవరనుకున్నారు? జపాన్ వాళ్ళు.

అసలు మాజ్డా కథ ఇంకా తమాషా. ఎంజీబీ ఆగిపోయాక అట్లాంటి చవక రెండు సీట్ల కారు ప్రపంచంలో దాదాపు లేకుండా పోయింది. 1989లో మాజ్డా ఎంఎక్స్-5 తెచ్చింది. పాత ఇంగ్లీషు బండ్లని చూసి, వాటి గుణం ఉంచి, ఆయిల్ కారడం తీసేసి చేసిన కారు. పది లక్షలు దాటి అమ్మారు. ఇప్పుడు దాని గేర్‌బాక్సునే ఎంజీబీకి పెట్టే కిట్లు వచ్చాయి. అల్యూమినియం బాక్సు, తేలిక, గేరు వేస్తే వెన్నలో కత్తిలా దిగుతుంది. ఫోర్డ్ బాక్సులో మొదటి గేరు 3.65, రెండోది 1.97, మధ్యలో గొయ్యి పెద్దది. మాజ్డాలో 3.14, 1.89. ఎంజీబీకి మాజ్డానే బాగా కుదురుతుందని నా అభిప్రాయం. కానీ మా మేనేజరు ససేమిరా అన్నాడు. "మా ఫ్యాక్టరీ మూసినాక వచ్చినోడి బాక్సు నా కారులో వద్దు. ఫోర్డ్ అయితే కనీసం మా వీధిలో తిరిగిన బండి." నేను నవ్వాను. మనిషికి ఏదో ఒక పట్టింపు ఉండాలిలే.

ఇక పని సంగతి. చలికాలంలో మొదలుపెట్టాం, ఆరు సెలవు రోజులు పట్టింది.

ఎంజీబీలో గేర్‌బాక్సు ఒక్కటే కిందకి దించలేం. ఇంజను, బాక్సు కలిపి చైన్ పుల్లీతో ముక్కు పైకి, తోక కిందకి వంచి లేపాలి. రెండు ఆకుల దూరంలో రేడియేటర్ సపోర్టు, ఒక్క ఊపు ఊగితే గీత పడుతుంది. ఇక్కడ సైట్‌లో క్రేన్‌కి సిగ్నల్ ఇచ్చిన అనుభవం పనికొచ్చింది. ఉస్తాద్ పుల్లీ లాగుతుంటే నేను చేత్తో సైగలు చేశాను. మేనేజరు మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

కొత్త బాక్సు షాఫ్ట్ పళ్ళు ఫోర్డ్‌వి, ఫ్లైవీల్ ఎంజీది. అందుకని క్లచ్ ప్లేటు మధ్యలో ఫోర్డ్ పళ్ళు, బయట ఎంజీ కొలత ఉన్నది కావాలి. కిట్‌లో వచ్చింది. ఎంజీలో క్లచ్‌ని తోసే బేరింగు అసలు బేరింగే కాదు, నల్లటి కార్బన్ రింగు. సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కిపట్టుకుని కూర్చుంటే అరిగిపోతుంది. దాని బదులు నిజమైన బాల్ బేరింగు పెట్టాం.

ముఖ్యమైన పని ఎవరూ చూడని చోట ఉంటుంది. కొత్త బెల్ హౌసింగ్ ఇంజను వెనక బిగించాక, దాని మధ్య రంధ్రం, క్రాంక్ షాఫ్ట్ మధ్యబిందువు ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడాలి. ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పుతూ ముల్లు ఎంత కదులుతుందో చూస్తాం. ఐటీఐలో మా సారు ఈ పని చేయించి, కొలత రాయమనేవాడు. అప్పట్లో విసుగు. గీత తప్పితే కారు వెంటనే ఏమీ అనదు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత గేరు దానంతటదే ఊడటం మొదలుపెడుతుంది. కాలమ్ షట్టరింగ్ ప్లంబ్ చూడకుండా కాంక్రీట్ పోసినట్టే. నేను గేజ్ పెట్టి తిప్పుతుంటే మేనేజరు పక్కన కూర్చుని అంకెలు రాసుకున్నాడు. సైట్‌లో ఎప్పుడూ ఆయన చెబితే నేను రాసుకునేవాణ్ణి.

టన్నెల్ రేకు కొయ్యలేదు. 1967 తర్వాతి బండి కదా, వెడల్పు ఉంది. బాక్సుని మోసే అడ్డ పట్టీ మార్చాం, వెనకకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్త పొడవుతో చేయించాం. బ్యాలెన్స్ కూడా షార్జాలోనే చేసిచ్చారు. బిగించి నడిపితే గంటకి 90 కిలోమీటర్ల దగ్గర సీటు కింద వణుకు. షాఫ్ట్ రెండు కొసల దగ్గర ఉండే క్రాస్ జాయింట్ల వంపు సమానంగా ఉండాలి, లేకుంటే ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది. నా బ్యాగులో సైట్ డిజిటల్ లెవెల్ ఉంది, టైల్స్ స్లోప్ చూసేది. దాన్నే బాక్సు మీద, యాక్సిల్ మీద పెట్టి చూస్తే రెండు డిగ్రీలకు పైగా తేడా. అడ్డ పట్టీ కింద రేకు ముక్కలు సర్ది సరిచేశాం. వణుకు పోయింది. ఉస్తాద్ ఆ లెవెల్‌ని తిప్పి తిప్పి చూసి, "ఇది నాకివ్వు" అన్నాడు. కంపెనీది, ఎట్లా ఇస్తాను!

తప్పు నేను చేసింది కూడా చెప్పాలి. గేర్ ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోసి బోల్టు బిగించాను. ఏ బాక్సుకైనా అదే రూలు అని నా నమ్మకం. హైవే మీద అయిదో గేరులో సన్నగా ఈల. ఉస్తాద్ వినగానే నాకేసి చూశాడు. టైప్ 9లో అయిదో గేరు అసలు బాక్సులో ఉండదు. నాలుగు గేర్ల బాక్సుకి వెనక తోకలో అదనంగా తగిలించినది అది. అక్కడికి ఆయిల్ తక్కువగా చేరుతుంది. తెలిసిన మెకానిక్‌లు గేర్ రాడ్ రంధ్రంలోంచి కొంచెం ఎక్కువ పోస్తారు. వెంటనే ఆపి టో చేసుకుని తెచ్చి, విప్పి చూశాం. పళ్ళు బాగానే ఉన్నాయి, అదృష్టం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేనేజరు కారని కాదు. ఇన్నేళ్ళకి నా ట్రేడు పని ఒకరు నమ్మి ఇస్తే అందులో పొరపాటు చేశానే అని.

ఇప్పుడు ఆ కారు 120 మీద పోతే ఇంజను సుమారు 3,400 చుట్లు. నాలుగో గేరులో అయితే 4,150 దాకా పోయేది.

ఇక్కడ ఒక వాదన ఉంది, ఎపిసోడ్‌లో చెప్పలేదు. పాత కార్ల ప్రేమికుల్లో కొందరు ఈ పనిని పాపం అంటారు. పుట్టినప్పుడు ఉన్న భాగాలే ఉండాలి, లేకపోతే అది ఆ కారు కాదు అని. వాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయను. ఆబింగ్‌డన్‌లో ఎవరో పనివాడు బిగించిన బోల్టు అది, మనం ఊడదీసి పారేస్తే ఆయన పని పోయినట్టే. కానీ అయిదో గేరు లేక కారు షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంటే ఆ పనివాడి పని ఎవరు చూస్తారు? నేను పట్టుబట్టింది ఒక్కటే. రేకు కొయ్యొద్దు, వెల్డింగ్ పెట్టొద్దు, రేపు ఎవరైనా పాత బాక్సు తిరిగి పెట్టాలంటే బోల్టులు విప్పితే చాలు, అట్లా చెయ్యాలి అని. మేనేజరు ఒప్పుకున్నాడు.

మన అంబాసిడర్‌కి ఆ భాగ్యం దక్కింది గానీ ఆలస్యంగా. అదే 1489 ఇంజనుతో, నాలుగు గేర్లతో, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్‌తో ముప్పై ఏళ్ళకు పైగా నడిపారు. 1990ల మొదట్లో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, అయిదు గేర్ల బాక్సు పెట్టి అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ తెచ్చారు. గేర్ రాడ్ కిందకి, రెండు సీట్ల మధ్యకి వచ్చింది. ఒకప్పుడు ఇంగ్లీషు కారు బిగిస్తూ పని నేర్చుకున్న ఇసుజు, నలభై ఏళ్ళ తర్వాత ఇంగ్లీషు కారు అచ్చుకే తన గేర్‌బాక్సు ఇచ్చింది! మా మామ అట్లాంటి టాక్సీ ఒకటి నడిపి చూసి, "గిది అంబాసిడర్ కాదురా, దీనికి దెబ్బ తగుల్తలేదు" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో నాకు ఇప్పటికీ తెలీదు. తన బండి మాత్రం మార్చలేదు. 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూతపడ్డ వార్త నేను ఇక్కడ క్యాంపు టీవీలో చూశాను. గేటు బయట నిలబడ్డ వాళ్ళ యూనిఫాం మా వర్క్‌షాపు యూనిఫాం రంగే. మామ అప్పటికి లేడు.

మేనేజరు వచ్చే నెల ఇంగ్లండ్ వెళ్ళిపోతున్నాడు. కారు కంటైనర్‌లో పోతుంది. పాత గేర్‌బాక్సుని ఓవర్‌డ్రైవ్‌తో సహా కొంటానని ఒకాయన మంచి ధర చెప్పాడు, మేనేజరు కూడా ఇచ్చేద్దామా అని ఊగాడు. వద్దు సార్ అన్నాను. సైట్‌లో మిగిలిన ప్లైవుడ్‌తో మా కార్పెంటర్ నిజామాబాద్ తమ్ముడు పెట్టె చేశాడు. ఓవర్‌డ్రైవ్ విప్పి సీళ్ళు మార్చి, బాక్సుకి ఆయిల్ పట్టించి, ప్లాస్టిక్ చుట్టి పెట్టాం. బోల్టులన్నీ వేరే సంచిలో, ఏది ఎక్కడిదో చీటీలు కట్టి. పెట్టె మీద ఆయన ఇంగ్లీషులో ఇంజను నంబరు రాశాడు. కింద ఖాళీ ఉంటే మార్కర్ తీసుకుని నేను తెలుగులో రాశాను: "పాత గేర్‌బాక్సు. మంచిగ ఉంది. పారెయ్యకుండ్రి." అదేం రాశావని అడిగితే చెప్పాను. అట్లాగే ఉంచమన్నాడు.